గుత్తి కోటా, పెనుకొండా? ఒక్క ఆదివారమే ఉంటే ఏది మేలు?

అనంతపురంలో ఎవరైనా ఆదివారం ఎటైనా పోదామంటే ముందు నోట్లోంచి వచ్చే మాట గండికోట. తప్పకుండా చూడాల్సిందే, ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పారే ఆ లోయ అంచున నిలబడితే మాట రాదు. కానీ అది కడప జిల్లా, జమ్మలమడుగు దాకా పోవాలి, తాడిపత్రి మీదుగా వెళ్తే దారిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, చింతల వెంకటరమణుడి గుడి వదలబుద్ధి కాదు, అక్కడే ఒక పూట అయిపోతుంది. గండికోటకు రాత్రి బస పెట్టుకునే పోవాలి. ఒక్క రోజులో వెళ్లి రావాలంటే నా లెక్కలో పోటీ రెండింటి మధ్యే: ఉత్తరాన గుత్తి, దక్షిణాన పెనుకొండ. రెండూ 44వ నంబర్ హైవే మీదే. గుత్తి 50 కిలోమీటర్ల పైచిలుకు, పెనుకొండ ఇంచుమించు 70.

నా మాట ముందే చెప్పేస్తా. కోట కోసమైతే గుత్తి, గుళ్ల కోసమైతే పెనుకొండ. ఇంట్లో పెద్దవాళ్లతో వెళ్తుంటే ఆలోచించకుండా పెనుకొండ.

గుత్తి సంగతి మొదట. చుట్టూ అంతా చదునుగా ఉన్న నేల మీద సుమారు 300 మీటర్లు లేచి నిలబడిన రాతికొండ అది. బుక్కరాయల కాలం నాటి శాసనంలో దీన్ని కోటల్లో రాజు అని పొగిడారు, కింద నుంచి తలెత్తి చూస్తే ఆ పొగడ్త ఎక్కువేమీ కాదనిపిస్తుంది. దారి పొడుగునా ద్వారం తర్వాత ద్వారం, మలుపు తర్వాత మలుపు, ఒక గోడ దాటాం కదా అనుకునేలోపే పైన ఇంకో గోడ. ఫిరంగులతో దీన్ని పడగొట్టడం ఎవరికైనా కష్టమే. 1776లో మైసూరు హైదర్ అలీ ముట్టడించినప్పుడు, గుత్తిని ఏలుతున్న మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే లొంగిపోయింది గోడలు కూలి కాదు, పైన నీళ్లు అయిపోయి. పుస్తకంలో చదివినప్పుడు ఈ ముక్క నాకు అంతగా పట్టలేదు. ఏప్రిల్‌లో ఒకసారి తొమ్మిదింటికి ఎక్కడం మొదలుపెట్టాం, ముగ్గురికి రెండు లీటర్ల నీళ్లు, సగం కొండకే సీసాలు ఖాళీ. రాయి మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది, నాలుక అంగిటికి అంటుకుపోతోంది, పక్కనే రాతిలో తొలిచిన బావి కనిపిస్తే పరిగెత్తి తొంగిచూశాం. అడుగున పచ్చటి నాచు, రెండు ప్లాస్టిక్ కవర్లు. కొండ మీద ఇన్ని బావులు, గుంటలు ఎందుకు తవ్వుకున్నారో, వానచుక్క కోసం ఎంత తపించి ఉంటారో ఆ రోజు తెలిసింది.

పైన కొండ అంచున సున్నపు గార నున్నగా మెరిసే చిన్న మంటపం ఉంది, మురారిరావు గద్దె అంటారు. ఆయన అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని చెప్తారు. అక్కడి నుంచి కింద గుత్తి ఊరు, రైలు పట్టాలు, అవతల ఎర్రనేల కనిపించినంత మేరా. ఇంత మంచి చోటు ఈ చుట్టుపక్కల జిల్లాల్లో నేను ఇంకోటి చూడలేదు.

దిగాక కొండ కింద ఇంగ్లీషువాళ్ల సమాధుల తోట కూడా చూడండి. ఒకప్పుడు మా సీమకు కలెక్టరుగా చేసి, తర్వాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోతే ముందు ఇక్కడే పాతిపెట్టారు, 1831లో మద్రాసుకు తీసుకెళ్లారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఊళ్లు మావి, కాబట్టి ఊరికే దాటిపోలేం.

గుత్తిలో లోటు ఏమిటంటే గుళ్లు ఉన్నాయి గానీ కళ్లు నిలిపేంత పని వాటి మీద లేదు. అది పెనుకొండలో ఉంది.

పెనుకొండ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా (2022 నుంచి), మా నోటికి మాత్రం ఇంకా అనంతపురమే. 1565లో రక్కసి తంగడి (తళ్లికోట) యుద్ధంలో విజయనగరం ఓడిపోయాక తిరుమలరాయలు రాజధానిని హంపీ నుంచి ఇక్కడికి తెచ్చుకున్నాడు. అంటే హంపీ కథ ఆగిన చోట మొదలయ్యే ఊరు ఇది, అయినా హంపీకి నాలుగుసార్లు వెళ్లినవాళ్లు కూడా బెంగళూరుకు పోతూ పెనుకొండ బోర్డు చూసి నేరుగా వెళ్లిపోతారు. నాకు నిజంగా బాధేస్తుంది. కింద కమానులు, పైన గుడి శిఖరం లాంటి గోపురంతో నిలిచిన గగన్ మహల్ ఊళ్లోనే ఉంది. దగ్గర్లోనే రాముడి గుడి, శివుడి గుడి పక్కపక్కన. రాముడి గుడి గోడ దగ్గర తొందరపడకండి. గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన సన్నటి స్తంభాల మీద రామాయణం, కృష్ణుడి కథలు చిన్నచిన్న బొమ్మలుగా చెక్కారు. మా నాన్న మోకాళ్ల నొప్పితో ఎక్కడికీ రానన్న మనిషి, ఆ గోడ ముందు గంటసేపు నిలబడి ఒక్కో బొమ్మా ఎవరిదో మా అమ్మకు చెప్తూ పోయాడు.

ఇంకా పచ్చరాతి పార్శ్వనాథుడి జైన గుడి, హిందువులూ ముస్లింలూ ఇద్దరూ వెళ్లే బాబయ్య దర్గా, ఎర్రమంచి గేటు దగ్గర 11 అడుగుల ఆంజనేయుడు. అన్నీ ఊళ్లోనే, ఆటోలో తిరిగేయొచ్చు. కొండమీది కోట మాత్రం గుత్తితో పోలిస్తే తేలిపోతుంది. గోడలు చాలాచోట్ల ముళ్లకంపల్లో కలిసిపోయాయి, ఎక్కే ఓపిక ఉన్నవాళ్లకు పైన నరసింహస్వామి గుడి ఉంది.

కాలం విషయానికొస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏదైనా సరే. ఎండాకాలం అయితే గుత్తి వద్దు. మిగతా రోజుల్లోనూ తెల్లవారుజామునే బయల్దేరి ఏడింటికల్లా కొండ కింద ఉండాలి, తలా రెండు లీటర్ల నీళ్లు, జారని బూట్లు, ఎక్కే ముందు ఊళ్లో వేడివేడి ఉగ్గాని, బజ్జి.

సంక్రాంతికి మా చిన్నాన్నవాళ్లు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. అందరినీ పెనుకొండకే తీసుకెళ్తున్నా. వాళ్లబ్బాయిని మాత్రం మర్నాడు ఐదింటికే లేపి గుత్తి ఎక్కిస్తా.