ఓడ ఎక్కే రోజు: రోమ్ చూడాలా, నేరుగా పోర్టుకా?
పొద్దున్నే రోమ్ విమానాశ్రయం ఫ్యూమిచీనోలో విమానం దిగారు, ఓడ సాయంత్రం. అయితే ఓడ ఎక్కేది రోమ్‌లో కాదు, రైల్లో గంట దూరంలో ఉన్న చివిటావెక్కియా పోర్టులో.

ఖర్చు: రోమ్‌కైతే అక్కడి ప్రధాన రైల్వే స్టేషన్ టెర్మినీ దాకా ఎక్స్‌ప్రెస్ రైలుకు 14 యూరోలు, సామాను దాచినందుకు ఇంకొంత, మళ్లీ పోర్టుకు రైలు. నేరుగా వెళ్తే రైలు టికెట్టొక్కటే.

శ్రమ: రాత్రంతా నిద్ర లేకుండా వచ్చి రాళ్లు పరిచిన వీధుల్లో నడవాలి. పోర్టు ఊళ్లో కాళ్లు చాపుకోవచ్చు.

రిస్క్: అసలు టెన్షన్ ఇక్కడే. ఇటలీలో రైళ్ల సమ్మెలు మామూలే. చెక్-ఇన్ ఓడ కదలడానికి చాలా ముందే మూసేస్తారు, మన కోసం ఆగరు. విమానం లేటైతే కొలోసియం లోపలికి ముందే కొన్న టికెట్టూ వృథా. బయటి నుంచి చూస్తే చాలనుకుంటే టెర్మినీ నుంచి మెట్రోలో రెండో స్టేషనే.

చూసేవి: పోలికే లేదు. చివిటావెక్కియాలో సముద్రం పక్కన మైకెలాంజెలో పేరుతో ఓ కోట, అంతే.

చేతిలో ఏడెనిమిది గంటలుండి, సామాను తక్కువైతే రోమ్. చంటిపిల్లలో, మోకాళ్ల నొప్పుల అమ్మానాన్నలో వెంట ఉంటే పోర్టే. ఒక రోజు ముందే దిగగలిగితే ఈ తర్జనభర్జనే ఉండదు.