వి-క్రాస్‌లో ఫోర్ వీల్ డ్రైవ్: ఏడేళ్లు వాడాక

మాది కైకలూరు దగ్గర పల్లె. రొయ్యల చెరువులు చేస్తాం. వానాకాలంలో మా గట్ల మీద నడిచినవాళ్లకు ఆ నల్లమట్టి సంగతి వేరే చెప్పక్కర్లేదు. కాలు పైకి లేస్తుంది, చెప్పు మట్టిలోనే ఉండిపోతుంది. ఆ గట్ల కోసమే 2018లో సెకండ్ హ్యాండ్‌లో ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ పికప్ కొన్నాను. 2016 మోడల్, రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను, ఐదు గేర్ల మాన్యువల్. శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ మొదలైన ఏడాది బండి. ఇప్పుడు మీటరు 1,46,000 కిలోమీటర్లు చూపిస్తోంది.

ఇంజను గురించి, సీట్ల గురించి, మైలేజీ గురించి చాలామంది చెప్పారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఫోర్ వీల్ డ్రైవ్ పెట్టే ఆ గుండ్రటి నాబ్ గురించే రాస్తాను. ఎక్కువ డబ్బు పెట్టి ఫోర్ వీల్ బండి కొన్నవాళ్లలో చాలామంది దాన్ని తిప్పాల్సిన చోట తిప్పరు, తిప్పినవాళ్లు మళ్లీ వెనక్కి తిప్పడం మర్చిపోతారు. మొదటి ఏడాది నేనూ అంతే.

నాబ్ మీద మూడు ఉంటాయి: టూ హై, ఫోర్ హై, ఫోర్ లో. మామూలుగా టూ హైలో వెనక చక్రాలే లాగుతాయి. ఫోర్ హైకి తిప్పితే ముందు చక్రాలు కూడా లాగడం మొదలుపెడతాయి. బండి నడుస్తుండగానే ఇది పెట్టొచ్చు. నేను మాత్రం ముప్పై నలభై వేగంలో, స్టీరింగ్ తిన్నగా ఉంచి, యాక్సిలరేటర్ మీద కాలు తీసి తిప్పుతాను. చక్రాలు బురదలో గిర్రున తిరుగుతున్నప్పుడు మాత్రం ఎప్పుడూ తిప్పకండి. ఫోర్ లోలోనూ నాలుగు చక్రాలూ లాగుతాయి, కానీ వేగం తగ్గి లాగే బలం పెరుగుతుంది. దీనికైతే బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, న్యూట్రల్‌లో పెట్టాలి. మీటర్‌లో లైటు కాసేపు మినుకు మినుకుమని తర్వాత నిలకడగా వెలుగుతుంది. ఆ కొన్ని సెకన్లు ఓపిక పట్టాలి.

2019 వర్షాల్లో జరిగింది చెబుతాను. తెల్లవారుజామున రొయ్యల పట్టుబడి. గట్టు మీద ఫోర్ హైలో వెళ్లి, అదే టెన్షన్‌లో నాబ్ సంగతి మర్చిపోయి, సిమెంటు రోడ్డెక్కి ఐస్ ఫ్యాక్టరీకి వెళ్లిపోయాను. గేటు ముందు బండి తిప్పబోతే స్టీరింగ్ బరువెక్కింది. టైర్లు కీచుమన్నాయి. ఎవరో వెనక నుంచి పట్టుకుని ఆపుతున్నట్టు బండి కుదుపులతో ఎగిరి ఎగిరి కదిలింది. కంగారుగా టూ హైకి తిప్పాను. లైటు మినుకుతూనే ఉంది, ఫోర్ వీల్ వదలట్లేదు. గేర్‌బాక్స్ పోయిందనే అనుకున్నాను.

ఫోన్ చేస్తే ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్ బాబాయ్ ఒక్కటే మాట అన్నాడు. "కంగారుపడకు బాబూ. స్టీరింగ్ తిన్నగా పెట్టి, రివర్స్‌లో పది అడుగులు వెనక్కి పోనీ." అలాగే చేశాను. కింద ఠక్కుమని శబ్దం వచ్చింది, లైటు ఆరిపోయింది, స్టీరింగ్ తేలికైపోయింది.

ఆ సాయంత్రం ఆయనే విడమరిచి చెప్పాడు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద వంపులో తిరుగుతాయి, వెనకవి లోపలి నుంచి చిన్న వంపులో వస్తాయి. అంటే ముందువి ఎక్కువ దూరం దొర్లాలి. కానీ ఫోర్ హైలో ముందుకు వెళ్లే షాఫ్టు, వెనక్కి వెళ్లే షాఫ్టు ట్రాన్స్‌ఫర్ కేసులో, అంటే ఇంజను బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే గేర్ల పెట్టెలో, ఒకదానికొకటి బిగుసుకుని ఒకే వేగంతో తిరుగుతాయి. ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ ఈ రెండింటి మధ్య లేదు. బురదలో, ఇసుకలో అయితే టైరు కొంచెం జారి ఆ తేడా తీరిపోతుంది. సిమెంటు రోడ్డు మీద టైరు జారదు కాబట్టి, తాడు మెలి తిప్పినట్టు బిగువంతా షాఫ్టుల్లో, గేర్లలో పేరుకుంటుంది. తిన్నగా వెనక్కి పోతే ఆ మెలి విడుతుంది. "ఫోర్ వీల్ ట్రాక్టరుకూ ఇదే రూలు. దమ్ములో వేస్తాం, రోడ్డెక్కేముందు తీసేస్తాం" అన్నాడు. ఇలాంటి బండిని పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ అంటారు, ఆ మాటకు అర్థం నాకు ఆ రోజు తెలిసింది. పెట్టడమూ మన పనే, తీయడమూ మన పనే. బండి తనంతట తాను చేయదు.

వానలో తారు రోడ్డు మీద కూడా ఫోర్ హై పెట్టుకుని హైవేలో వెళ్తున్నామని కొందరు గొప్పగా చెబుతుంటారు. దయచేసి ఆ పని చేయకండి. తడిసినా తారు రోడ్డుకు పట్టు ఉంటుంది. పైగా నాలుగు చక్రాలూ లాగినంత మాత్రాన బ్రేకు త్వరగా పడదు. బండి త్వరగా ఆగడానికి ఫోర్ వీల్ ఏమీ చేయదు.

ఇక బురద. నేర్చుకున్న ముఖ్యమైన విషయం ఏమిటంటే, దిగబడ్డాక కాదు, దిగకముందే పెట్టాలి. టూ హైలో వెనక చక్రాలు రెండు గుంటలు తవ్వేశాక ఫోర్ హై పెడితే సగం బలం ఆ గుంటలోంచి బయటపడటానికే పోతుంది. పికప్‌లో వెనక తొట్టె ఖాళీగా ఉంటే బరువంతా ముందే ఉంటుంది, తడి గడ్డి మీద కూడా వెనక చక్రాలు జారతాయి. అందుకే వానాకాలంలో తొట్టెలో మేత బస్తాలు ఆరేడు ఉంచుతాను. 25 కిలోల బస్తాలు, ఎనిమిదికి మించి వేయను. బాగా మెత్తబడిన గట్టు అయితే ఫోర్ లో, రెండో గేరు, యాక్సిలరేటర్ మీద కాలు అలా ఆనించి ఉంచితే చాలు. ట్రాక్టరులా నెమ్మదిగా పాకుతూ వెళ్తుంది.

ఇసుక వేరే కథ. మా అక్కవాళ్లకు కోనసీమలో లంక పొలాలున్నాయి. ఎండాకాలం గోదావరి ఇసుకలోంచి వెళ్లాలి. అక్కడ ఫోర్ వీల్ కంటే టైర్లలో గాలి ముఖ్యం. 35 ఉండే గాలిని 18కి దించుతాను. టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. ఫోర్ హైలో వేగం తగ్గకుండా, స్టీరింగ్ గట్టిగా కోయకుండా వెళ్లాలి. తిరిగి రోడ్డెక్కేముందు గాలి నింపుకోవాలి, అందుకే చిన్న కంప్రెసర్ ఎప్పుడూ బండిలోనే ఉంటుంది.

పాడేరు పైన స్నేహితుడి కాఫీ తోటకు దిగే రాళ్ల దారిలో ఫోర్ లో విలువ తెలిసింది. మొదటి గేరులో పెట్టి క్లచ్, బ్రేకు రెండింటి మీదా కాళ్లు తీసేస్తే ఇంజనే పట్టి ఉంచుతుంది, బండి మనిషి నడకంత వేగంతో దిగుతుంది. అదే దారిలో ఒక గోతి దగ్గర ముందు చక్రం ఒకటి, దానికి ఎదురు మూల వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచాయి. ఆ రెండే తిరిగాయి, బండి కదల్లేదు. ఎడమ, కుడి చక్రాలను కలిపి బిగించే డిఫరెన్షియల్ లాక్ నా బండికి లేదు. ఫోర్ వీల్ అంటే నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగుతాయని కాదు. రాళ్లు పేర్చి, ఆ చక్రాలు నేలకు ఆనాక గానీ బయటపడలేదు.

టైర్ల విషయంలో ఒక తప్పు చేశాను. వెనకవి రెండే అరిగాయని, దుకాణంలో చెప్పింది విని రెండే కొత్తవి వేయించాను. కొత్త టైరుకు, అరిగిన టైరుకు మందంలో ఆరు మిల్లీమీటర్ల తేడా ఉందనుకోండి. ఈ సైజు టైరు మీద అది సుమారు 1.6 శాతం. అంటే ఫోర్ హైలో తిన్నగా వెళ్తున్నా కిలోమీటరుకు దాదాపు 16 మీటర్ల తేడా ఆ షాఫ్టుల మీద పడుతుంది. గట్టి నేల మీద మలుపు లేకుండానే మెలి పడుతుందన్నమాట. ఇప్పుడు నాలుగూ ఒకేసారి మారుస్తాను, పది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మారుస్తాను.

ఎండాకాలంలో అవసరం లేకపోయినా నెలకోసారి మట్టిదారిలో రెండు మూడు కిలోమీటర్లు ఫోర్ హైలో నడుపుతాను, లోపలి గేర్లకు నూనె అందుతుందని. లోతు నీళ్లలోంచి వస్తే డిఫరెన్షియల్ నూనె చూపిస్తాను. పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టే, మార్చేయాలి. మా చెరువుల ఉప్పునీటికి బండి కింద తుప్పు పడుతుంది, వారానికోసారి కింద నుంచి కడిగిస్తాను. ట్రాన్స్‌ఫర్ కేసు ఇప్పటిదాకా విప్పాల్సిన పని పడలేదు.

మా అబ్బాయి ఇప్పుడీ బండి నేర్చుకుంటున్నాడు. మా గట్టు సిమెంటు రోడ్డును కలిసే చోట, తూము పక్కన ఒక తెల్లరాయి ఉంది. వెళ్లేటప్పుడు ఆ రాయి దగ్గరే ఫోర్ హై పెట్టి గట్టు మీదకు దిగమన్నాను. వచ్చేటప్పుడు అదే రాయి దగ్గర టూ హైకి తిప్పి, లైటు ఆరేదాకా మీటరే చూస్తూ ఉండి, అప్పుడు రోడ్డెక్కమన్నాను.