పేచీ అంతా ప్యాడ్ దగ్గరే: రోబో నడకకు వెన్నుపాము స్టిమ్యులేషన్ జోడించి వాడాక

రోబో కాళ్లు, ట్రెడ్‌మిల్, బరువు మోసే హార్నెస్ సంగతి ఈ పనిలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. స్ట్రోక్ (పక్షవాతం) పేషెంట్లను వాటితో నడిపిస్తూ, చర్మం మీద అంటించిన ప్యాడ్‌ల ద్వారా వెన్నుపాముకు కరెంటు పంపడమే ఈ జోడీ. అందులో నా పేచీ అంతా పొట్ట మీద అంటించే రెండు ప్యాడ్‌లతోనే.

వెన్ను మీద 11, 12వ థొరాసిక్ (ఛాతీ భాగపు) పూసల మధ్య పెట్టే గుండ్రటి ప్యాడ్‌తో పెద్దగా ఇబ్బంది లేదు. పొట్ట మీద బొడ్డుకు అటూ ఇటూ ఉండే పెద్ద ప్యాడ్‌లు పేషెంట్ పడుకున్నంతసేపూ బుద్ధిగానే ఉంటాయి. హార్నెస్ బిగించి పైకి లేపగానే పట్టీ జరుగుతుంది, ప్యాడ్ అంచు ముడుచుకుంటుంది. చర్మానికి ఆనే జాగా తగ్గినా యంత్రం పంపే కరెంటు తగ్గదు. అదంతా మిగిలిన కాస్త జాగాలోంచే దిగి అక్కడ చుర్రుమంటుంది. తీవ్రమైన స్ట్రోక్‌లో చచ్చుబడిన వైపు స్పర్శ సరిగా ఉండకపోవచ్చు, మాట కూడా పోయుండొచ్చు. మంట పుడుతోందని చెప్పేదెవరు? అందుకే నడక మధ్యలో ఒకసారి ఆపి ప్యాడ్ చుట్టూ చర్మం చూడాల్సిందే.

హార్నెస్ వదులుగా తొడిగి, పట్టీ ఎక్కడ కూర్చుంటుందో చూసుకుని, దానికి తగలకుండా ప్యాడ్ అంటించడం కొంత మేలు. అంచుల మీద టేపు వేయాలి. జెల్ ఆరిన ప్యాడ్‌ను ఇంకోసారి వాడదామని దాచుకోకూడదు. వైర్లు తొడ పట్టీకి చిక్కకుండా వీపు మీదుగా పైకి తీసుకోవాలి.

కరెంటు ఎంత పెట్టాలన్నది నిలబెట్టాకే తేల్చాలి. పడుకున్నప్పటి అంకె నిలబడితే చెల్లదు. 1 మిల్లీసెకండు పల్స్‌లు రెండు, 50 మిల్లీసెకండ్ల తేడాతో ఇచ్చి తొడ కండరం చూడండి. రెండో అదురు బాగా తగ్గితే కరెంటు స్పర్శను వెన్నుపాముకు చేరవేసే వెనక నరాల మొదళ్లకు అందినట్టు. రెండూ ఒకేలా ఉంటే కండరాన్ని కదిలించే ముందు నరాల మొదళ్లనే నేరుగా తాకుతోంది, వెన్ను ప్యాడ్ కాస్త జరపాలి. ఆ అదురు మొదలయ్యే స్థాయికి కొంచెం దిగువన, 30 హెర్ట్జ్ దగ్గర నడిపిస్తే చాలు. నడుము కండరాలు బిగుసుకుంటున్నాయంటే ఎక్కువైనట్టే.

ఇంత తంటా ఎందుకు పడుతున్నామంటే, మోకాలు బిగుసుకుని రోబో పదే పదే ఆగిపోయే పేషెంట్లలో కరెంటు పెట్టాక ఆ ఆగడం తగ్గుతోంది. నడక తెగకుండా సాగితేనే గైడెన్స్ (కాలిని రోబో ఎంత నడిపిస్తుందన్న లెక్క) తగ్గించే వీలు దొరుకుతుంది. గైడెన్స్ 100 శాతం మీదే వదిలేస్తే కాలు హాయిగా నిద్రపోతుంది, నడిచేది రోబోనే. అయితే ఒకేరోజు గైడెన్స్ తగ్గించి, కరెంటు కూడా మార్చకండి. ఏది పనిచేసిందో తేలదు.

కాలు పూర్తిగా సడలిపోయినవాళ్లలో మాత్రం నాకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. బిగువు తగ్గినవాళ్లలోనూ ఆ సుఖం కొన్ని గంటలే. పాదం వేలాడటం మా రోబోతో తీరదు, అందులో చీలమండకు మోటారు లేదు, ఎత్తిపట్టే పట్టీయే ఉంది.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, మూర్ఛ అదుపులో లేనివాళ్లకు మేం అసలు పెట్టం. స్ట్రోక్‌లో ఈ జోడీ మీద జరిగిన పరీక్షలూ ఇంకా చిన్నవే. మా దగ్గర పేషెంటుకు ఇద్దరు థెరపిస్టులు ఉంటారు, వచ్చేవాళ్లలో ఎక్కువమంది స్ట్రోక్ వచ్చి మూడు నెలలైనా కాక, సొంతంగా నిలబడలేని స్థితిలో ఉంటారు. ఆ లెక్కన మాకు పనికొస్తోంది. ఒక్కరే చూసుకోవాల్సిన చోటైతే, లేదా పేషెంటు కర్ర సాయంతో ఇప్పటికే నడుస్తుంటే, ప్యాడ్‌లు సర్దే ఆ సమయాన్ని నేనైతే మామూలు నడక ప్రాక్టీసుకే ఇస్తాను.