ఆటోమేటిక్ కారుకి ‘షిఫ్ట్ కిట్’ వేయించే ముందు దయచేసి ఇది చదవండి

అన్నలారా, అక్కలారా, పాత ఆటోమేటిక్ కారు పెట్టుకుని “గేర్లు జారినట్టు మెత్తగా పడుతున్నాయి, తక్కువలో ఏదైనా చేయిద్దాం” అనుకునే వాళ్లు హైదరాబాద్‌లో చాలామంది ఉన్నారు. నేనూ అలాగే షిఫ్ట్ కిట్, అంటే గేరు గట్టిగా పడేలా గేర్‌బాక్స్ లోపల మార్చే భాగాలు, వేయించడానికి వెళ్లి 16,500 రూపాయలు పోగొట్టుకున్నాను. డబ్బు సంగతి పక్కన పెట్టండి. అమ్మను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద నేను పడ్డ భయం ఇంకెవరూ పడకూడదనే ఇదంతా రాస్తున్నాను.

నాది 2012 మోడల్ సెడాన్, నాలుగు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ (ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే రకం). సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇల్లు రాజేంద్రనగర్, ఆఫీసు లక్డీకాపూల్. రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఒక్క క్షణం ఇంజను ఊరికే అరిచేది, తర్వాత బండి అందుకునేది. మెహిదీపట్నం ట్రాఫిక్‌లో ఎండకు గంటసేపు నలిగితే ఇంకా ఎక్కువయ్యేది.

తెలిసినవాళ్లు చెబితే ఒక షెడ్‌కు వెళ్లాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయను. అక్కడి అతను ఎంతో ధీమాగా చెప్పాడు: “కిట్ ఏస్తే గేరు ఠక్కుమని పడ్తది అన్నా. వాల్వ్ బాడీ ఇప్పి ప్రెషర్ పెంచుతం. వేరేకాడ నలభై వేలు అడుగుతరు, మనం పదహారున్నరల చేస్తం. ఆయిల్ గూడ అండ్లనే.” పొద్దున పదకొండుకి బండి ఇచ్చాను, ఒంటిగంటకల్లా ఫోన్ వచ్చింది, రెడీ అని. వాల్వ్ బాడీ అంటే గేర్‌బాక్స్ లోపల ఆయిల్‌ను దారి మళ్లించే భాగం, అది విప్పిన పని రెండు గంటల్లో ఎలా అయిందని నేను అప్పుడే అడగాల్సింది. చేతికిచ్చింది కచ్చా చీటీ. “గేర్‌బాక్స్ వర్క్” అని ఒక్క ముక్క, కింద మొత్తం.

నాలుగు రోజులు నిజంగా బాగుంది, అబద్ధం చెప్పను. గేరు గట్టిగా పడేది, ఇంజను అరవడం తగ్గింది. ఐదో రోజు నుంచి పార్క్ నుంచి డీ (డ్రైవ్)లోకి వేయగానే కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు ధబ్‌మనేది. సిగ్నల్ దగ్గర మెల్లగా ఆపబోతుంటే ముందుకు తోసేది. ఫోన్ చేస్తే “కొత్త కిట్ కదన్నా, సెట్ అయితది” అన్నాడు.

పదకొండో రోజు అమ్మను కళ్ల పరీక్షకు మెహిదీపట్నం తీసుకెళ్తున్నాను. ఆరాంఘర్ దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాను. పదకొండున్నర కిలోమీటర్ల పైవంతెన, మధ్యలో ఆపి నిలబడే చోటు కాదు. అత్తాపూర్ దాటుతుండగా ఇంజన్ లైటు వెలిగింది, బండి ఒక్క కుదుపు కుదిపి మూడో గేరులో బిగుసుకుపోయింది. ఎంత తొక్కినా నాలుగులోకి పోదు, తగ్గించినా రెండులోకి రాదు. వెనక బస్సు హారన్. చివర కిందికి దిగి సిగ్నల్ దగ్గర ఆగాక మూడో గేరులోనే ఎత్తుకోవాల్సి వచ్చింది, బండి ఈడ్చుకుంటూ కదిలింది. అమ్మ డోరు హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి ఆసుపత్రి గేటు దాకా వదల్లేదు.

తర్వాత నాచారం వైపు ఆటోమేటిక్ గేర్‌బాక్సుల పనే చేసే ఒక పెద్దాయన దగ్గరికి టో చేయించాను. స్కానర్ పెడితే పీ0748 అని వచ్చింది. ప్రెషర్ కంట్రోల్ సొలెనాయిడ్ (కరెంటుతో ఆయిల్ ప్రెషర్‌ను అదుపు చేసే వాల్వు) సర్క్యూట్‌లో లోపం అని అర్థం. ఆయన బండి లేపి, టార్చి వేసి నన్ను కిందికి పిలిచాడు. “ఇగో బిడ్డా, చాంబర్ బోల్టులు సూడు.” ప్రతి బోల్టు తల చుట్టూ ఎన్నేళ్లదో నల్లటి మడ్డి, ఒక్కదాని మీద కూడా పానా పడిన గీత లేదు. చాంబర్ అంటే గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి, అది విప్పకుండా నా బండిలో వాల్వ్ బాడీని ముట్టుకోవడం కుదరదు.

మరి గేరు గట్టిగా ఎలా పడింది? గేర్‌బాక్స్ మీద వైర్ల కనెక్టర్ దగ్గర నల్ల టేపు చుట్టి ఉంది. ఆయన బ్లేడుతో కోస్తే లోపల తెల్లటి సిమెంటు రెసిస్టర్ బయటపడింది, 10 వాట్లది. కోఠి గుజరాతీ గల్లీలో ఇరవై రూపాయలు పెడితే వచ్చే వస్తువు. వేడికి చుట్టూ టేపు కరిగి వైరుకు అతుక్కుపోయింది. అదే నా కిట్టు.

ఈ మోసం ఎలా పనిచేస్తుందో తెలిస్తే మీరు పట్టుకోగలరు. గేర్‌బాక్స్ లోపల గేర్లను పట్టుకునే క్లచ్ ప్యాకులను బిగించేది ఆయిల్ ప్రెషర్. ఎలక్ట్రానిక్ గేర్‌బాక్సుల్లో ఆ ప్రెషర్‌ను ఒక సొలెనాయిడ్ నడిపిస్తుంది. వైరు తెగినా క్లచ్‌లు జారిపోకూడదని చాలా వాటిలో కరెంటు తగ్గితే ప్రెషర్ పెరిగేలా పెడతారు. రెసిస్టర్ పెట్టి కరెంటు తగ్గిస్తే ప్రెషర్ ఎప్పుడూ పైనే ఉంటుంది, మెల్లగా పోయినా జోరుగా పోయినా అదే దెబ్బ. కంప్యూటర్ లోపం పసిగట్టిన రోజు బండిని మూడో గేరులో కట్టేస్తుంది.

అసలైన షిఫ్ట్ కిట్ లేదని కాదు. ప్రెషర్ రెగ్యులేటర్ వాల్వుకు గట్టి స్ప్రింగు, సెపరేటర్ ప్లేటులో రంధ్రాలు లెక్క ప్రకారం పెద్దవి చేయడం, కుదుపును మింగే అక్యుములేటర్ స్ప్రింగులు మార్చడం, ఇదీ అసలు పని. అమెరికాలో జనరల్ మోటార్స్ (జీఎం) 4ఎల్60ఈ లాంటి గేర్‌బాక్సులకు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నారు. కానీ ఏ గేర్‌బాక్స్ కోడ్‌కు (మోడల్ నంబరుకు) చేసిన కిట్ దానికే పనికొస్తుంది. కోడ్ అడగకుండా ధర చెప్పాడంటే అక్కడే లేచి వచ్చేయండి. ఏఎంటీకో సీవీటీకో ఇదే కిట్ వేస్తానన్నా అంతే. ఏఎంటీ లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, సీవీటీలో బెల్టో చైనో తప్ప మెట్టు మెట్టుగా గేర్లే ఉండవు.

ఇక నా బండికి ముందునుంచీ ఉన్న అసలు జబ్బు ఆయిల్. డిప్‌స్టిక్ మీద ఎస్‌పీ-3 అని, అంటే ఏ రకం ఆయిల్ పోయాలో, స్పష్టంగా రాసి ఉంది. దానికి తోడు షెడ్‌లో పోసింది లేబుల్ లేని డబ్బాలోని ఎర్ర ఆయిల్, అడిగితే “డెక్స్రాన్ త్రీ అన్నా, అన్నిటికీ నడుస్తది” అన్నాడు. అన్నిటికీ నడవదు. పైగా డెక్స్రాన్-3కి జీఎం లైసెన్సులు 2006తోనే ఆగిపోయాయి, ఇప్పుడు డబ్బా మీద ఆ పేరుంటే లోపల ఏముందో పూచీ పడేది ఆ డబ్బా నింపినవాడే. పెద్దాయన డిప్‌స్టిక్‌ను తెల్ల కాగితం మీద అద్ది చూపించాడు: మధ్యలో ముదురు గోధుమ రంగు మరక, అడుగంటిన పోపు వాసన. డ్రెయిన్ బోల్టు తీస్తే దిగేది సగానికి అటూఇటుగానే, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. అందుకే మూడుసార్లు దించి, మధ్యలో నడిపి, మళ్లీ పోశాడు. చిరిగిన ఇంజన్ మౌంట్ రబ్బరు మార్చాడు, స్కానర్‌తో గేర్‌బాక్స్ అడాప్టేషన్, అంటే కంప్యూటర్ నేర్చుకున్న పాత లెక్కలు, రీసెట్ చేశాడు. మొత్తం 11,200, పక్కా బిల్లుతో. నేను మొదట కోరుకున్న గట్టి గేరు ఈ పనితోనే వచ్చింది, ఏ కిట్టూ లేకుండా. ముందే ఇది చేయించి ఉంటే ఆ పదహారున్నర వేలు నా జేబులోనే ఉండేవి.

కాబట్టి ముందు ఆయిల్ చూపించుకోండి, స్కాన్ చేయించి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. వాల్వ్ బాడీ విప్పుతామంటే మీ కళ్ల ముందు విప్పమనండి, తీసిన పాత స్ప్రింగులు, గాస్కెట్ చేతికి ఇవ్వమనండి. బిల్లు మీద గేర్‌బాక్స్ కోడ్, ఆయిల్ పేరు, ఎన్ని లీటర్లు అన్నీ రాయించండి. కచ్చా చీటీ వల్ల నేను పడుతున్న తిప్పలు చెప్పలేను. 1915కు ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు ఫిర్యాదు రాసుకున్నారు. వాళ్లతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి.

ఇప్పటికే ఇలా చవకలో చేయించుకున్న వాళ్లు ఈ రోజే బానెట్ ఎత్తి గేర్‌బాక్స్ కనెక్టర్ దాకా వైర్ల కట్టను చేత్తో తడిమి చూడండి, ఇంజను చల్లారాక. మధ్యలో కొత్త టేపు ఉబ్బుగా తగిలితే అది తీయించేదాకా ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కకండి, ఇంట్లోవాళ్లను ఎక్కించుకోకండి.