పదిహేనేళ్ల డెస్క్‌టాప్‌లో లినక్స్ మింట్: ఐదేళ్లు వాడాక

మా ఇంట్లో డెస్క్‌టాప్ 2010లో భీమవరంలో అసెంబుల్ చేయించింది. కోర్ 2 డ్యూయో ఈ7500 ప్రాసెసర్, జీ41 బోర్డు, రెండు జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్కు, విండోస్ 7. దాని ముందు ఎక్కువసేపు కూర్చునేది మా మామయ్యగారు. తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అత్తయ్య పాడిన పెళ్లిపాటలు, మంగళహారతులు, నాట్ల పాటలు నోటుపుస్తకాల్లో రాసుకుని, ఒక్కొక్కటే టైపు చేస్తూ వస్తున్నారు. 2020 జులైలో ఆ కంప్యూటర్‌లో విండోస్ ఆపేసి లినక్స్ మింట్ 20 (విండోస్ బదులు వాడుకునే ఉచిత ఓఎస్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్), అందులో తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ వేశాను. ఐదేళ్లు దాటింది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయిన దగ్గర్నుంచి "మా పాత సిస్టమ్‌లో ఏం వేయమంటావు" అని తెలిసినవాళ్లు అడుగుతూనే ఉన్నారు. వాళ్లకోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు పాత కథ కొంచెం చెప్పాలి. ఆ పదేళ్లలో ఈ కంప్యూటర్‌కి కనీసం ఆరుసార్లు ఫార్మాట్ కొట్టించి ఉంటాం. స్లో అయితే ఫార్మాట్, హ్యాంగ్ అయితే ఫార్మాట్. సీపీయూ స్కూటర్ మీద పెట్టుకుని వెళ్లడం, సాయంత్రం తెచ్చుకోవడం, మూడొందలో నాలుగొందలో ఇవ్వడం. 2016లో అలా తెచ్చుకున్నాక ఆన్ చేస్తే డెస్క్‌టాప్ మీద ఉండాల్సిన "పాటలు" ఫోల్డర్ లేదు. "డీ, ఈ డ్రైవుల్లో ఉన్నవన్నీ భద్రంగా ఉన్నాయి, సీ మాత్రమే ఫార్మాట్ చేశాం" అన్నారు షాపులో. వాళ్లు చెప్పింది నిజమే. డెస్క్‌టాప్ మీద, మై డాక్యుమెంట్స్‌లో కనిపించేవన్నీ సీ డ్రైవులోనే ఉంటాయని మాకెవరికీ తెలియదు. నలభై పైచిలుకు పాటలు పోయాయి. నోటుపుస్తకంలో ఉన్నవి మామయ్యగారు మళ్లీ టైపు చేశారు. అత్తయ్య పాడుతుంటే నేరుగా కంప్యూటర్‌లో కొట్టినవి ఏడెనిమిది ఉన్నాయి, అవి ఇక దొరకలేదు. అప్పటికి అత్తయ్య లేరు.

అందుకే ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఏ ఓఎస్ మంచిదని కాదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ - ఈ నాలుగు ఫోల్డర్లూ ఇంకో డిస్కులోకి కాపీ చేసుకోండి. కాపీ అయిందని ఊరుకోకుండా అక్కడ నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. ఆ తర్వాతే మిగతాది.

రెండో సంగతి బ్యాటరీ. 2018, 2019ల్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంప్యూటర్ తేదీ పదేళ్లు వెనక్కి వెళ్లిపోయేది. బ్రౌజర్‌లో ఏ సైటు తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదని వచ్చేది. వైరస్ అన్నారు, రెండుసార్లు ఫార్మాట్ కొట్టారు. అసలు కారణం బోర్డు మీద ఉండే సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోవడం. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు ఇంకా మొదలే కానట్టు బ్రౌజర్‌కి కనిపిస్తాయి, అందుకే తెరవదు. వాచీల షాపులో నలభై రూపాయలకు దొరికింది. ఆన్ చేయగానే నల్లటి తెర మీద చెక్‌సమ్ ఎర్రర్ అని వచ్చి, ఎఫ్1 నొక్కితే గానీ ముందుకు కదలకపోతుంటే మీదీ బహుశా అదే జబ్బు. ఓఎస్ జోలికి వెళ్లకముందే అది మార్చి చూడండి.

2020 జనవరి 14తో విండోస్ 7కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. మార్చిలో లాక్‌డౌన్. జూన్ వచ్చేసరికి పాపకి ఆన్‌లైన్ క్లాసులు. కంప్యూటర్ ఆన్ అయి బ్రౌజర్ తెరుచుకునేలోపు అటెండెన్స్ అయిపోయేది. కొత్తది కొనే పరిస్థితి లేదు. 120 జీబీ ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్కు కంటే చాలా వేగమైన డిస్కు) ఒకటి, ఇంకో రెండు జీబీ ర్యామ్ తెప్పించాను. అన్నీ కలిపి మూడు వేల లోపే అయింది.

మింట్ ఎందుకంటే, అది ఉబుంటు అనే ఇంకో లినక్స్‌లో ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే ఎల్‌టీఎస్ వెర్షన్ మీద తయారవుతుంది, ఒక్కో వెర్షన్‌కి సుమారు ఐదేళ్లు అప్‌డేట్లు వస్తాయి. సిన్నమన్, మాటే, ఎక్స్ఎఫ్‌సీఈ అని మూడు రకాలు ఇస్తారు. పాత కంప్యూటర్లకు ఎక్స్ఎఫ్‌సీఈ తేలిక. కింద ప్యానెల్, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లకు కొత్త ఇంటికి వచ్చినట్టు ఉండదు. ఒక్క సంగతి చూసుకోండి: మింట్ 20 నుంచి 32 బిట్ వెర్షన్ లేదు. కోర్ 2 డ్యూయో 64 బిట్టే కాబట్టి మాకు ఇబ్బంది రాలేదు.

ఐఎస్ఓ ఫైల్ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) దించుకున్నాక, అది అసలుదేనని తేల్చే ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్యని మింట్ సైటులో ఇచ్చినదానితో సరిపోల్చడం మానకండి. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైటునే హ్యాక్ చేసి, 17.3 సిన్నమన్ డౌన్‌లోడ్ లింకును దొంగ ఫైలు వైపు తిప్పారు. మింట్ వాళ్లే ఆ సంగతి బయటపెట్టారు. సంఖ్య చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. తర్వాత విండోస్‌లో రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవులోకి ఎక్కించాను.

ఇన్‌స్టాల్ చేసే ముందు నేను చేసిన ఒక పని అందరికీ చెబుతాను. క్యాబినెట్ తలుపు విప్పి పాత హార్డ్‌డిస్కు కేబుల్ పీకేశాను. లోపల కొత్త ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంది. ఇన్‌స్టాలర్‌లో డిస్కు మొత్తం చెరిపేసి వేయమనే ఆప్షన్ వస్తుంది, అక్కడ పొరపాటున వేరే డిస్కు ఎంచుకుంటే అంతా పోతుంది. 2016 తర్వాత నాకు ఆ తెర చూస్తేనే టెన్షన్. కేబుల్ పీకేస్తే పోవడానికి ఏమీ ఉండదు. ఇన్‌స్టాల్ పూర్తయ్యాక కేబుల్ పెట్టేశాను, డీ, ఈ డ్రైవులు ఫైల్ మేనేజర్‌లో అలాగే కనిపించాయి. ఇన్‌స్టాల్‌కి పట్టింది ఇరవై నిమిషాలు.

ఇక వేగం. ముందు ఆన్ చేస్తే వాడుకోవడానికి రెండున్నర, మూడు నిమిషాలు పట్టేది, ఇప్పుడు ముప్పై సెకన్లలోపే. కానీ ఈ ఘనతంతా మింట్‌కి ఇవ్వలేను. సగానికి పైగా ఎస్ఎస్‌డీదే. అది కూడా ఈ పాత బోర్డులో డిస్కు తగిలించే చోటు పాతకాలపు సాటా-2 కాబట్టి పూర్తి వేగంతో పనిచేయదు, అయినా తేడా అంత ఉంది. పాత హార్డ్‌డిస్కు మీదే ఏ ఓఎస్ వేసినా నిరాశపడతారు. మింట్ వల్ల వచ్చింది వేరే. అది ఐదేళ్లయినా మొదటి నెలలో ఎలా ఉందో అలాగే ఉంది. ఈ ఐదేళ్లలో ఒక్కసారి కూడా ఫార్మాట్ కొట్టలేదు. 2022లో 21కి, తర్వాత 22కి మింట్ వాళ్ల అప్‌గ్రేడ్ టూల్‌తోనే మారాను. ఒక్కోసారి రెండు మూడు గంటలు పట్టింది, ఒక్క ఫైలూ కదల్లేదు.

ఇప్పుడు తెలుగు. నాకు అన్నిటికంటే భయం ఇదే ఉండేది. మామయ్యగారు విండోస్‌లో తెలుగు అక్షరాలు నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకున్నారు, డెబ్బై ఏళ్ల వయసులో ఇంకో పద్ధతి నేర్చుకోమనలేను. సెట్టింగ్స్‌లో కీబోర్డు లేఅవుట్లలోకి వెళ్లి భారతీయ భాషల్లో తెలుగు ఎంచుకుంటే అది ఇన్‌స్క్రిప్టే. కే మీద క, డీ మీద పొల్లు, ఈ మీద దీర్ఘం, అన్నీ అవే చోట్ల. ఆల్ట్, షిఫ్ట్ కొడితే భాష మారేలా పెట్టాను. ఆయన కూర్చుని "శ్రీరామ" అని కొట్టి, "వేళ్లకి తెలిసిపోయిందమ్మా" అన్నారు. కుర్చీ దగ్గరకు లాక్కుని ఆ పూటంతా లేవలేదు.

చిక్కు ఫాంటు దగ్గర వచ్చింది. పాత ఫైళ్లన్నీ గౌతమి ఫాంటులో ఉన్నాయి. అది విండోస్‌తో వచ్చేది, మింట్‌లో ఉండదు. లిబ్రెఆఫీసులో (ఎంఎస్ ఆఫీసు లాంటి ఉచిత ప్రోగ్రామ్) తెరిస్తే అక్షరాలు బాగానే కనిపించాయి గానీ ఇంకో ఫాంటులోకి మారడంతో పేజీలు అటూ ఇటూ అయి, పాట సగం ఈ పేజీలో, సగం ఆ పేజీలో పడింది. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో తెలుగు అదనపు ఫాంట్ల ప్యాకేజీ వేస్తే పోతన, వేమన వచ్చాయి. మొత్తం పోతనలోకి మార్చి పేజీలు సరిచేయడానికి మాకు నాలుగు ఆదివారాలు పట్టింది.

ఇంకో చిన్న విషయం, తెలుగు రాసేవాళ్లకు మాత్రం పెద్దదే. గోదావరి పాటల్లో కాటన్‌దొర వస్తాడు. మామూలుగా కొడితే అది "కాటన్దొర" అయిపోతుంది, న కింద ద వత్తు వచ్చేస్తుంది. ఆయనకు అలవాటైన కీలు ఇక్కడ పనిచేయలేదు. లిబ్రెఆఫీసులో "కాటన్" కొట్టాక, ఇంగ్లిష్ కీబోర్డుకి మారి 200సీ అని ఇంగ్లిష్‌లో కొట్టి (సీ కూడా ఇంగ్లిష్ అక్షరమే), ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే ఆ అంకెలు మాయమై కంటికి కనిపించని అడ్డుగోడ ఒకటి పడుతుంది. తర్వాత "దొర" కొడితే విడిగా నిలబడుతుంది. కాగితం మీద రాసి మానిటర్ అంచుకి అంటించాను. ఆ కాగితం ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇబ్బందులు పడనివాళ్లం కాదు. వైఫై డాంగిల్ మొదటి రోజు పనిచేయలేదు. ఫోను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ పెడితే నెట్ వెంటనే వచ్చింది, దాంతో డ్రైవర్ వేశాను. కెర్నల్ (ఓఎస్‌కి గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ అయినప్పుడు రెండుసార్లు మళ్లీ పోయింది. చివరికి రౌటర్ నుంచి లాన్ కేబుల్ లాగించేశాం. పాత లేజర్ ప్రింటరుతో రెండు రోజులు కుస్తీ పట్టాను. మీ ప్రింటరు, వైఫై సంగతి ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవు నుంచి నేరుగా నడిపి చూసుకోవచ్చు. నేను సౌండ్ ఒక్కటే చూసుకున్నాను, అవి రెండూ చూసుకోలేదు.

2021లో ఒకరోజు పాస్‌వర్డ్ కొడితే మళ్లీ పాస్‌వర్డే అడగడం మొదలైంది. టైమ్‌షిఫ్ట్ అనే సదుపాయం సిస్టమ్ కాపీలు దాస్తుంది, చాలా మంచిది. అదే ఎస్ఎస్‌డీలో దాచేలా పెట్టడంతో 120 జీబీ నిండిపోయింది. పాత కాపీలు తీసేశాక లోపలికి రానిచ్చింది. దాన్ని పాత హార్డ్‌డిస్కులోకి మార్చాను. విండోస్ పద్ధతిలో (ఎన్‌టీఎఫ్ఎస్) ఉన్న డ్రైవులో అది దాచదు కాబట్టి ఒక భాగాన్ని లినక్స్ పద్ధతి ఎక్స్‌ట్4గా మార్చాల్సి వచ్చింది.

వీడియో మాత్రం ఈ ప్రాసెసర్‌కి బరువే. యూట్యూబ్ 480లో హాయిగా, 720లో ఫర్వాలేదు, 1080 పెడితే తడబడుతుంది. పాప క్లాసులు బ్రౌజర్‌లోనే నడిచాయి గానీ క్లాసు జరుగుతుండగా ఇంకో పని పెట్టుకోలేం. ఏ ఓఎస్ వేసినా ఈ ప్రాసెసర్ వయసు తగ్గదు.

మీరు ట్యాలీ మీద లెక్కలు రాస్తున్నా, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో డీటీపీ చేస్తున్నా, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌తో రిటర్నులు వేస్తున్నా మింట్‌కి మారమని నేను చెప్పను. ఆ పనులు విండోస్ చుట్టూ అల్లుకున్నవి. తెలుగు రాసుకోవడం, బ్యాంకు, మెయిలు, మీసేవ, ఆధార్ పీడీఎఫ్‌లు, పాటలు, పిల్లల చదువు ఇంతవరకే అయితే మీ పాత కంప్యూటర్‌ని తూకానికి వేయకండి. ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ ప్రాసెసర్లు ఏవో కొన్ని తప్ప విండోస్ 11 జాబితాలో లేవు. వాటిలో చాలావరకు మా ఈ7500 కంటే ఎంతో బలమైనవి. ఇదే ఇంత పని చేస్తుంటే అవి చేయవా?

2025 సెప్టెంబరులో వచ్చిన మింట్ 22.2కి కూడా ఒక ఆదివారం మార్చేశాను. ఈ వరసకి 2029 ఏప్రిల్ వరకు అప్‌డేట్లు వస్తాయి. మామయ్యగారి ఫైలు 312 పేజీలయింది, నాట్ల పాటలు అయిపోయి అప్పగింతల పాటల్లో ఉన్నారు. రోజూ టైపు చేయడం ముగించాక డీ డ్రైవులోకి ఒక కాపీ, పెన్‌డ్రైవులోకి ఒక కాపీ ఆయనే వేసుకుంటారు.