ఇంటి కంప్యూటర్‌కి కొత్త హార్డ్ డిస్క్: డబ్ల్యూడీ రెడ్ ప్లస్ 4 టీబీ

పాత హార్డ్ డిస్క్ తీసేసి దాని స్థానంలో వెస్టర్న్ డిజిటల్ రెడ్ ప్లస్ 4 టీబీ పెట్టుకున్నాను. మోడల్ నంబరు డబ్ల్యూడీ40ఈఎఫ్‌పీఎక్స్. ఇంట్లోవాళ్ల ఫోటోలు, వీడియోలు, పాత క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న నాన్నగారి పాటలు ఇప్పుడు దీంట్లోనే ఉన్నాయి. ఇలా దాచుకోవాల్సిన వాటికి ఇది మంచి డ్రైవ్, ధైర్యంగా తీసుకోవచ్చు. కంప్యూటర్ చకచకా ఆన్ అవ్వాలని, ప్రోగ్రాములు వెంటనే తెరుచుకోవాలని అనుకుంటే మాత్రం ఇది కాదు కొనాల్సింది. విండోస్ కోసం విడిగా ఒక చిన్న ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల మీద నడిచే డ్రైవ్) పెట్టుకోండి. ఆ తేడా ముందు ఏ హార్డ్ డిస్కూ నిలబడదు.

మోడల్ నంబరు మొదటే ఎందుకు చెప్పానంటే, హార్డ్ డిస్క్ కొనేటప్పుడు అసలు చూడాల్సింది అదే. చాలామంది "సీగేట్ మంచిదా, డబ్ల్యూడీ మంచిదా" అని అడుగుతారు. హార్డ్ డిస్కులు చేసే పెద్ద కంపెనీలు ఇప్పుడు మూడే మిగిలాయి: సీగేట్, డబ్ల్యూడీ, తోషిబా. మ్యాక్స్‌టర్‌ని సీగేట్ 2006లో కొనేసింది. శామ్‌సంగ్ హార్డ్ డిస్క్ వ్యాపారం 2011లో సీగేట్‌కే వెళ్లింది. హిటాచీది 2012లో డబ్ల్యూడీ చేతికొచ్చింది. ఈ మూడు కంపెనీల్లోనూ ఏళ్ల తరబడి నడిచే మోడళ్లు ఉన్నాయి, త్వరగా చేతులెత్తేసే మోడళ్లూ ఉన్నాయి. బ్యాక్‌బ్లేజ్ అనే క్లౌడ్ బ్యాకప్ సంస్థ తన దగ్గరున్న డ్రైవులు ఏ మోడల్‌వి ఎన్ని పోయాయో 2013 నుంచీ లెక్క రాసి అందరికీ చూపిస్తోంది. సీగేట్ 3 టీబీ ఎస్‌టీ3000డీఎం001 అక్కడ బాగా చెడ్డపేరు తెచ్చుకుంది. అదే సీగేట్ 4 టీబీ డ్రైవులు వేల సంఖ్యలో అక్కడే ఏళ్లపాటు పనిచేశాయి. పేరు ఒకటే, ఫలితం మాత్రం వేరు. అయితే అవి చల్లటి గదుల్లో రాత్రింబవళ్లు ఆగకుండా తిరిగే డ్రైవులు, మనవి రోజూ ఆన్, ఆఫ్ అయ్యేవి. కాబట్టి ఒక మోడల్ మరీ అధ్వాన్నంగా ఉందేమో చూసుకోవడానికి ఆ లెక్కలు వాడుకోండి. అర శాతం, పావు శాతం తేడాల కోసం బుర్ర పాడుచేసుకోకండి.

నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకున్నది డ్రైవ్ డేటాని ఎలా రాస్తుందన్న సంగతి. ఇందులో రెండు పద్ధతులున్నాయి. సీఎంఆర్‌లో ఒక్కో ట్రాక్, అంటే డిస్క్ మీద డేటా రాసే గుండ్రటి గీత, పక్క ట్రాక్‌తో సంబంధం లేకుండా విడిగా ఉంటుంది. ఎస్ఎంఆర్‌లో ఒక ట్రాక్ అంచు మీదికి ఇంకోటి ఎక్కుతుంది, ఇంటి కప్పు మీద పెంకులు పరిచినట్టు. అంతే చోటులో ఎక్కువ డేటా పడుతుంది, తయారీ ఖర్చు తగ్గుతుంది. కానీ మధ్యలో ఒక ముక్క మార్చాలంటే దాని పక్కనున్న ట్రాకులన్నీ మళ్లీ రాయాలి. ఈ ఇబ్బంది బయటికి తెలియకుండా డ్రైవ్ కొంత భాగాన్ని తాత్కాలికంగా రాసుకోవడానికి ఉంచుకుంటుంది. నాలుగు ఫోటోలు కాపీ చేస్తే ఏ తేడా తెలియదు. పాత డిస్క్ మొత్తాన్ని కొత్తదాంట్లోకి ఎక్కించేటప్పుడు ఆ భాగం నిండిపోవచ్చు. అప్పుడు వేగం ఉన్నట్టుండి పడిపోతుంది. చచ్చిపోతున్న డిస్క్ నుంచి డేటా బయటికి లాగుతున్నప్పుడు ఇలా జరిగితే ఎంత టెన్షనో ఊహించుకోండి.

ఈ విషయం డబ్బా మీద రాసి ఉంటుందనుకుంటే పొరపాటు. 2020 ఏప్రిల్‌లో పెద్ద గొడవే జరిగింది. డబ్ల్యూడీ రెడ్ పేరుతో వచ్చే 2 నుంచి 6 టీబీ డ్రైవుల్లో కొన్ని ఎస్ఎంఆర్ అని, ఆ సంగతి కొన్నవాళ్లకి చెప్పలేదని బయటపడింది. 4 టీబీలో మోడల్ నంబరు చివర ఈఎఫ్ఆర్ఎక్స్ అని ఉంటే సీఎంఆర్, ఈఎఫ్ఏఎక్స్ అని ఉంటే ఎస్ఎంఆర్. ఒక్క అక్షరమే తేడా. ఆ తర్వాతే కంపెనీ సీఎంఆర్ డ్రైవులకి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టింది. నేను రెడ్ ప్లస్‌కి రావడానికి ఆ స్పష్టతే కారణం. సీగేట్ బారాకుడాలో 2 టీబీ ఎస్‌టీ2000డీఎం008, 4 టీబీ ఎస్‌టీ4000డీఎం004 ఎస్ఎంఆర్ డ్రైవులే. తోషిబా పీ300లో 4, 6 టీబీలూ అంతే. ఒకసారి నింపి పక్కన పెట్టే బ్యాకప్‌కి అవి చాలు, డబ్బులూ మిగులుతాయి. రోజూ వాడే డిస్క్‌గా నేనైతే తీసుకోను.

ఇక ఈ డ్రైవ్ పనితీరు. నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది, సెకనుకి 180 ఎంబీ దాకా వేగమని కంపెనీ లెక్క. పాతదాంట్లో ఉన్నదంతా ఎక్కిస్తున్నప్పుడు గమనించాను: డిస్క్ నిండేకొద్దీ వేగం కొద్దికొద్దిగా తగ్గింది తప్ప ఎక్కడా ఆగలేదు. బయటి ట్రాకుల నుంచి లోపలికి వెళ్లేకొద్దీ ఏ హార్డ్ డిస్క్‌లోనైనా వేగం తగ్గుతుంది, దానికి కంగారుపడక్కర్లేదు. క్యాబినెట్ మూసేస్తే శబ్దం దాదాపు వినిపించదు. వేడి కూడా తక్కువే. విండోస్‌లో 3.63 టీబీ అనే కనిపిస్తుంది, కంపెనీ వెయ్యితో లెక్కేస్తే విండోస్ 1,024తో లెక్కేస్తుంది, అంతే. మొదటిసారి ఫార్మాట్ చేసేటప్పుడు డిస్క్‌ని భాగాలుగా పంచే పద్ధతి అడిగితే జీపీటీ ఎంచుకోండి, పాత ఎంబీఆర్ పద్ధతిలో 2 టీబీ దాటి వాడలేరు.

ఇది నిజానికి నాస్ పెట్టెల (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ వాడుకునే డిస్కుల పెట్టెల) కోసం చేసిన డ్రైవ్. పాడైన చోటు తగిలితే చాలాసేపు ప్రయత్నించకుండా కొన్ని సెకన్లలోనే వదిలేసి ఎర్రర్ చెప్పేస్తుంది. ఒకే డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో ఇది లోటే అనేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం కంప్యూటర్ బిగుసుకుపోయి కూర్చోవడం కన్నా, ఆ ఫైల్ పోయిందని వెంటనే తెలియడమే నయం. ఇంకో కాపీ ఉంటుంది కాబట్టి.

స్పెసిఫికేషన్లలో 10 లక్షల గంటల ఎంటీబీఎఫ్ (చెడిపోవడాల మధ్య సగటు సమయం) అని చూసి మురిసిపోకండి. ఒక డ్రైవ్ వందేళ్లు బతుకుతుందని దాని అర్థం కాదు. ఎడతెగకుండా నడిచే డ్రైవులు వంద ఉంటే ఏడాదికి ఇంచుమించు ఒకటి పోవచ్చని అంచనా. ఆ ఒక్కటి మనది కాదని ఎవరూ రాసివ్వలేరు.

డ్రైవ్ చేతికి రాగానే డేటా ఎక్కించకండి. ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ప్రోగ్రాంలో అది ఎన్ని గంటలు నడిచిందో చూడండి, కొత్తదైతే సున్నాకి దగ్గరగా ఉండాలి. అదొక్కటే సరిపోదు కూడా. 2025 మొదట్లో డేటా సెంటర్లలో వాడేసిన సీగేట్ డ్రైవులు గంటల లెక్క చెరిపేసి కొత్తవిగా అమ్ముడైన సంగతి జర్మనీలో బయటపడింది. సీగేట్ డ్రైవుల్లో ఫార్మ్ అనే వేరే రికార్డు ఉంటుంది, స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రాం కొత్త వెర్షన్‌తో చదవొచ్చు. అసలు వయసు అక్కడ తేలింది. తర్వాత పూర్తి సెల్ఫ్ టెస్ట్ పెట్టి రాత్రంతా వదిలేయండి. అది అయ్యాక డ్రైవ్ తన ఆరోగ్యం గురించి రాసుకునే స్మార్ట్ పట్టికలో 5, 197, 198 నంబర్ల (పాడైన చోట్ల లెక్కలు) దగ్గర సున్నాలుంటేనే డ్రైవ్ ఉంచుకోండి. 199 పెరుగుతుంటే తప్పు చాలాసార్లు డ్రైవ్‌ది కాదు, దాన్ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్‌ది. ముందు అది మార్చి చూడండి. ఈ అంకెలు బాగున్నాయని నిశ్చింతగా ఉండటానికీ లేదు. గూగుల్ తన డ్రైవుల మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. పోయినవాటిలో 36 శాతానికి పైగా ముందు ఏ హెచ్చరికా ఇవ్వలేదని తేలింది. నాన్నగారి పాటలకి నా దగ్గర రెండో కాపీ వేరే కంపెనీ డిస్క్‌లో, కంప్యూటర్‌కి తగిలించకుండా ఉంటుంది.

రెడ్ ప్లస్ దొరక్కపోతే సీగేట్ ఐరన్‌వుల్ఫ్ చూడండి, అదీ సీఎంఆరే. తోషిబా ఎన్300 కూడా సీఎంఆర్, 7,200 చుట్ల డ్రైవ్ కాబట్టి వేగం ఎక్కువ, చప్పుడూ ఎక్కువే, పడకగదిలో కంప్యూటర్ ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి. ఈ మూడింటికీ వారంటీ మూడేళ్లు, మామూలు బారాకుడాకి రెండేళ్లే. ఆ వారంటీ మీ పేరున నిజంగా నడుస్తుందో లేదో లేబుల్ మీది సీరియల్ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి చూస్తే తెలుస్తుంది. డ్రైవ్‌ని కవరులోంచి తీయకముందే ఆ పని చేయండి, తేడా ఉంటే తిరిగి ఇచ్చేయడం అప్పుడే సులువు.