సిరంజి కొలతతో అద్దకపు నమూనాలు: నాలుగేళ్ల వాడకం తరువాత

నూలు గుడ్డకు ఇంట్లో రంగు అద్దేవారు నమూనా ముక్కలు ఎందుకు చేసుకోవాలో ఇక్కడ వివరించబోవడం లేదు. ఒక మంచి గుడ్డను ఒక్కసారి పాడుచేసుకున్న వారెవరికైనా అది తెలిసిన సంగతే. నేను చెప్పదలచుకున్నది నాలుగేళ్లుగా వాడుతున్న ఒక పద్ధతి గురించి. రంగు పొడిని ముక్క ముక్కకూ తూచకుండా, ముందే నీటిలో కరిగించి ఒక శాతం ద్రావణంగా సీసాలో ఉంచుకొని, సూది లేని సిరంజితో కొలిచి వాడుకోవడమే ఆ పద్ధతి.

మొదటి ఏడాది ఈ సిరంజిని మెచ్చుకున్నంతగా నా సామానులో మరి దేనినీ మెచ్చుకోలేదు. దాని సుఖమంతా లెక్కలో ఉంది. చదరపు మీటరు 100 గ్రాములు తూగే గుడ్డను పది సెంటీమీటర్ల చదరంగా కత్తిరిస్తే ముక్క సరిగ్గా ఒక గ్రాము తూగుతుంది. దానికి రెండు శాతం రంగు పట్టించాలంటే 0.02 గ్రాముల పొడి కావాలి, అంత కొంచెం పొడి వంటింటి తూకానికి కనిపించనే కనిపించదు. 100 మిల్లీలీటర్ల నీటికి 1 గ్రాము చొప్పున కలిపిన ద్రావణంలోనైతే అది 2 మిల్లీలీటర్లు. పసుపు 5, ఎరుపు 3, నీలం 2 పాళ్లు కావాలనుకుంటే 1 మిల్లీలీటరు, 0.6, 0.4 అని సిరంజి గీతల మీదే చదువుకోవచ్చు. పైగా నేను వాడే రియాక్టివ్ రంగుల (నూలుతో రసాయనికంగా కలిసిపోయే రంగుల) పొడి ఊపిరితో లోపలికి పోతే అలర్జీ తెచ్చిపెట్టగలదు కనుక, మాస్కు కట్టుకొని డబ్బా ఒక్కసారి తెరిచి మూసేయడం ఆరోగ్యానికీ మంచిది.

ఆ ఉత్సాహంలోనే మూడు మూల రంగులను పదో వంతు తేడాలతో అన్ని విధాలా కలిపే పెద్ద పట్టికకు పూనుకున్నాను. అలా కలిపితే 66 ముక్కలు వస్తాయి. ఒక్కొక్క రంగుకు 5 గ్రాముల పొడిని అర లీటరు నీటిలో కరిగించి, మూడు ఆదివారాల్లో, వారానికి 22 ముక్కల చొప్పున పని పూర్తి చేశాను. మూడవ వారం ఒక చిన్న విషయం కంటబడకపోలేదు. ఎరుపు ఎక్కువగా ఉన్న ముక్కలను జాడించేటప్పుడు ఐదవ మగ్గు నీళ్లు కూడా దానిమ్మ రసంలా దిగాయి. రంగును గుడ్డకు పట్టించే సోడా తక్కువ వేశానేమో అనుకొని, మరో రెండు మగ్గుల నీళ్లు పోసి, ఆరవేసి, కార్డులకు కుట్టేశాను.

కొన్ని నెలల తరువాత ఆ పట్టికలో నాకు బాగా నచ్చిన 5:3:2 ముక్కను, కొంచెం తుప్పు ఛాయ ఉన్న గోధుమ రంగును, 300 గ్రాముల గుడ్డ మీద అద్దాను. ఇంత గుడ్డకు సిరంజితో పని లేదు కనుక పొడినే తూచాను: పసుపు 3 గ్రాములు, ఎరుపు 1.8, నీలం 1.2. ఆరిన గుడ్డ ఇటుక రంగులో ఉంది. ముక్కను దాని మీద పెట్టి కిటికీ దగ్గర చూశాను, దీపం కింద చూశాను. రెండింటికీ చుట్టరికం కూడా కనిపించలేదు. అద్దకపు నీళ్లలో వేసే ఉప్పునూ నీటినీ నా తూకాన్నీ వరసగా అనుమానించిన మీదట కార్డు వెనక రాసుకున్న తేదీ కంటబడింది. అది మూడవ ఆదివారం చేసిన ముక్క, అంటే ద్రావణం కలిపిన పద్నాలుగవ రోజుది, అదీ వేసవిలో.

1956లో తొలిసారి అమ్మకానికి వచ్చిన ఈ రియాక్టివ్ తరగతి రంగుల గొప్పతనమంతా నూలుతో రసాయన బంధం కుదుర్చుకోవడంలోనే ఉంది. చిక్కేమిటంటే అవి నీటితోనూ అదే బంధం కుదుర్చుకోగలవు. సోడా వేయకపోయినా ఆ పని నిదానంగా సాగుతూనే ఉంటుంది, వేడిలో త్వరపడుతుంది. నీటితో కుదిరిపోయిన రంగు గుడ్డను పట్టుకునే శక్తిని కోల్పోతుందే తప్ప తన రంగును కోల్పోదు. సీసాలోని ఎరుపు మొదటి రోజు ఎలా ఉందో పద్నాలుగవ రోజూ అలాగే ఉంది. నన్ను మోసపుచ్చింది అదే. పాతబడిన ఎరుపుతో చేసిన ముక్కను నమ్మి తాజా ఎరుపుతో గుడ్డను అద్దాను కనుక ఎరుపు మించిపోయింది. మూడు రంగులూ ఒకే వేగంతో నీరసించి ఉంటే ముక్క లేతబడేది, అంతే. నా ఎరుపు మిగిలిన రెండింటికంటే ముందు నీరసించింది.

కనుక మొదటి ఏడాది మెప్పును కొంత వెనక్కి తీసుకోక తప్పదు. సిరంజి నన్ను తూకం బాధ నుంచి తప్పించిందనుకున్నాను, కానీ ఆ బాధను సీసా దగ్గరికి జరిపింది, అంతే. వంటింటి తూకం 1 అని చూపితే అందులో ముప్పావు గ్రాము ఉండవచ్చు, ఒకటింపావు గ్రాము ఉండవచ్చు. ఆ తేడా తగ్గించడానికే 5 గ్రాములు తూచాను, అందువల్లే అర లీటరు ద్రావణం మిగిలి వారాల తరబడి నిలవ ఉంది. నిజానికి 66 ముక్కలకూ కలిపి ఒక్కొక్క రంగు 44 మిల్లీలీటర్లే కావాలి. ఇప్పుడు 0.01 గ్రాము వరకు చూపే చిన్న తూకం కొని, అర గ్రాము పొడిని 50 మిల్లీలీటర్లలో కరిగించి, సీసా మీద తేదీ వేసి, ఫ్రిజ్‌లో తినే వస్తువులకు దూరంగా విడి డబ్బాలో పెట్టి, రెండు మూడు రోజుల్లో పని ముగిస్తున్నాను. సిరంజి మీది అంకెలు తడి చేతుల రాపిడికి ఆరు నెలల్లో చెరిగిపోతాయన్నది మరో చిన్న ఫిర్యాదు. కొన్న రోజే గీతల మీద పారదర్శకమైన టేపు అంటించుకుంటే కొంత కాలం నిలుస్తాయి.

భద్రపరచడంలో నేను ఏమాత్రం వెనక్కి తీసుకోనిది పాలిస్టర్ దారం. ఈ రంగులు పాలిస్టర్‌కు పట్టవు. అందుకని అద్దకానికి ముందే ముక్క అంచున తెల్ల పాలిస్టర్ దారంతో ఐదు కుట్లు, కొంత ఎడం, మూడు కుట్లు, మళ్లీ ఎడం, రెండు కుట్లు వేస్తాను. ఎంత ముదురు నీలంలో మునిగి వచ్చినా ఆ కుట్లు తెల్లగానే ఉంటాయి. 66 ముక్కలు ఒకే తొట్టిలో కలిసిపోయినా ఏది ఏదో వేలితో తడిమి చెప్పవచ్చు. ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్‌ను మాత్రం రెండేళ్లు వాడి మానేశాను. ఆ మెరుపు కింద నూలు రంగు ఉన్నదానికంటే నిగారింపుగా కనబడి, పోల్చి చూడాలన్నప్పుడల్లా ముక్కను బయటికి లాగవలసి వచ్చేది. ఇప్పుడు ముక్కను సగానికి కోసి ఒక సగాన్ని దళసరి కార్డుకు రెండు కుట్లతో తగిలించి మూత ఉన్న పెట్టెలో నిలబెడుతున్నాను, రెండవ సగాన్ని ఎండకు వెలుస్తుందో లేదో చూడడానికి కిటికీకి కడుతున్నాను.

నేను అద్దేది నూలు ఒక్కటే, అదీ వారాంతాల్లో కొద్దికొద్దిగా. ఉన్నికి యాసిడ్ రంగులు (ఆమ్లం సాయంతో పట్టే రంగులు) వాడేవారి ద్రావణాలు నెలల తరబడి నిలుస్తాయి కనుక నా ఫిర్యాదులో పెద్ద భాగం వారికి వర్తించదు. వారికైతే సిరంజిని మొదటి ఏడాది పొగిడినంతగానూ పొగడవచ్చు. వారానికి ఒక్క ముక్క మాత్రమే చేసుకునేవారికి, 0.01 గ్రాము తూకం ఉంటే, 10 గ్రాముల గుడ్డకు నేరుగా పొడి తూచుకోవడమే తేలిక కావచ్చు. మూడవ ఆదివారపు 22 ముక్కల్లో నేను ఇప్పటికి పదిహేడు మళ్లీ చేశాను. పాత తుప్పు రంగు ముక్కను మాత్రం పారేయలేదు. తాజా ఎరుపుతో 6:2:2 దగ్గర దానికి చాలా దగ్గరి ఛాయ దొరికింది.